పదిహేను, ఇరవై వేల మైళ్లే తిరిగిన పాత బాక్‌స్టర్ కొంటున్నారా?

2006 పోర్షే బాక్‌స్టర్, 19,000 మైళ్లు, సింగిల్ ఓనర్, ఎప్పుడూ గ్యారేజీలోనే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వారాంతాల్లో నడుపుకోవడానికి బండి వెతికే మనవాళ్లకు ఇలాంటి ప్రకటన కంటపడితే చెయ్యి ఊరుకోదు. అదే కారు 70,000 మైళ్లు తిరిగింది పక్కనే అయిదారు వేల డాలర్లు తక్కువకు ఉన్నా దానివైపు చూడబుద్ధి కాదు. చూడాల్సింది ముందు దాన్నే, పుస్తకం నిండా సర్వీసు ముద్రలు ఉంటే.

కారణం మామూలుదే. పిస్టన్లు, గేర్లు, బ్రేక్ డిస్కులు మైళ్లతో అరుగుతాయి. రబ్బరు, ప్లాస్టిక్, ద్రవాలు మాత్రం ఏళ్లతో పాడవుతాయి, బండి కదిలినా కదలకపోయినా. ఇరవై ఏళ్లలో 19,000 మైళ్లంటే ఏడాదికి వెయ్యి కూడా కాదు. అంటే నెలకో రెండు నెలలకో ఒకసారి స్టార్ట్ చేసి, వీధి చివరిదాకా తిప్పి తెచ్చి నిలబెట్టిన బండి అన్నమాట. ఇంజన్‌కు ఇంతకంటే చెడ్డ వాడకం ఉండదు. కూలెంట్ అయిదారు నిమిషాల్లో వేడెక్కుతుంది కానీ ఆయిల్ పూర్తిగా కాగడానికి అంతకు రెండు మూడు రెట్ల సమయం కావాలి. ఆలోపే ఆపేస్తే లోపల పట్టిన చెమ్మ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆ ఆయిల్ పుల్లబడి బేరింగులను తినేస్తుంది.

ఇక్కడ చెప్పేది 2005 నుంచి 2012 దాకా వచ్చిన 987 తరం బాక్‌స్టర్ (టాపు తెరుచుకునేది), కేమన్ (టాపు మూసి ఉండేది) కార్ల గురించి. ఇందులో రెండు భాగాలున్నాయి. 2008 దాకా వచ్చినవాటిలో పాత ఇంజన్ కుటుంబం, లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ (వాల్వుల చెయిన్లను తిప్పే కడ్డీ) ఉంటుంది. 2009 నుంచి వచ్చినవాటిలో కొత్త ఇంజన్, ఆ షాఫ్టే లేదు. బడ్జెట్ సరిపోతే 2009 తర్వాతదే తీసుకోండి, సగం భయాలు అక్కడే పోతాయి. సరిపోకపోతే కింద చెప్పేవన్నీ మీ కోసమే.

కొనేముందు

బండి చూడటానికి వెళ్లేముందు అమ్మేవాళ్లకు ఒక మాట చెప్పండి: ఇంజన్ చల్లగా ఉండాలి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు. వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే మరో రోజు వస్తామని వెనక్కి వచ్చేయండి. చల్లటి స్టార్ట్‌లో తెలిసే సంగతులు మళ్లీ తెలియవు. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజన్ కాబట్టి మొదట ఒక గుప్పెడు పొగ వచ్చి ఆగిపోవడం మామూలే, దానికి బెంబేలు పడక్కర్లేదు. తెల్లటి పొగ మబ్బులా వస్తూనే ఉంటే, ఐడిల్‌లో ఈల వేసినట్టు శబ్దం వస్తుంటే ఆయిల్ సెపరేటర్‌లో (ఇంజన్ ఆవిరిలోంచి ఆయిల్‌ను వేరుచేసే భాగం) పలచటి రబ్బరు పొర చిరిగింది. ఐడిల్‌లో ఉన్నప్పుడు వెనక డిక్కీలోని ఆయిల్ మూత తీసి చూడండి. కాస్త పట్టినట్టు ఉండి వచ్చేస్తే బాగున్నట్టే. రెండు చేతులతో లాగినా రాకుండా లోపలికి పీల్చుకుంటుంటే ఆ సెపరేటర్ మార్పించాల్సిందే.

ఇంజన్ చూద్దామని ముందు బానెట్ ఎత్తితే డిక్కీ కనిపిస్తుంది, వెనక ఎత్తితే ఇంకో డిక్కీ. ఇంజన్ మాత్రం సీట్ల వెనక, అడుగున దాక్కుని ఉంటుంది. అందుకే లిఫ్ట్ మీదికి ఎక్కించకుండా ఈ కారు కొనకూడదు. పోర్షే పని తెలిసిన ఇండిపెండెంట్ షాపులో కొనేముందు తనిఖీ చేయించండి. మూడు, నాలుగు వందల డాలర్లు పోయినా పోనివ్వండి. అక్కడ నాలుగు పనులు తప్పకుండా చేయమనండి.

ఒకటి, కంప్యూటర్‌లోంచి ఇంజన్ నడిచిన గంటలు తీయించడం. షాపులో పీవిస్ (పోర్షే కంపెనీ స్కానర్) ఉంటే సరే, లేకపోతే బయట దొరికే డ్యూరామెట్రిక్ స్కానర్ చాలు. మైళ్లను గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. 19,000 మైళ్లకు 650 గంటలుంటే గంటకు 29 మైళ్లు, నమ్మదగ్గ లెక్క. అదే 2,400 గంటలు చూపిస్తే గంటకు 8 మైళ్లు. ఆ ఒడోమీటర్ అబద్ధమాడుతోందో, మీటర్ బోర్డు మార్చారో తేల్చుకోవాలి.

రెండు, ఓవర్ రెవ్ లెక్క, అంటే ఇంజన్ హద్దు దాటి తిరిగిన లెక్క. మాన్యువల్ గేర్ల బండిలో అయిదో గేర్ నుంచి నాలుగుకు వెయ్యబోయి రెండులో పడేస్తే చక్రాలే ఇంజన్‌ను హద్దు దాటి తిప్పేస్తాయి. అలా ఎన్నిసార్లు జరిగిందీ కంప్యూటర్ ఆరు శ్రేణుల్లో రాసి పెట్టుకుంటుంది. మొదటి శ్రేణుల్లో అంకెలుండటం సహజం, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా అవి నిండుతాయి. నాలుగు, అయిదు, ఆరులో ఉంటే చివరిసారి ఏ గంట దగ్గర జరిగిందో చూడాలి. నూట యాభయ్యో గంటలో జరిగి, తర్వాత అయిదొందల గంటలు హాయిగా నడిచిన ఇంజన్ బతికి బయటపడ్డట్టే. ముప్పై గంటల కిందటే జరిగి ఉంటే ఆ బండి వదిలేయండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, అమ్మేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వద్దనేదీ ఇదే: ఆయిల్ ఫిల్టర్ విప్పి చూడటం. ఈ ఇంజన్‌లో ఫిల్టర్ కాగితపు మడతలది, ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుంటుంది. తీసి మడతలు కత్తిరించి, తెల్లటి గుడ్డమీద పరిచి, టార్చి వేసి చూడాలి. నల్లటి లేక గోధుమ రంగు ప్లాస్టిక్ పలుకులు ఉంటే చెయిన్ గైడ్లు (లోపలి చెయిన్ ఆనుకుని జారే ప్లాస్టిక్ పట్టీలు) అరుగుతున్నాయి. ఒకటో రెండో ఉంటే ఇంజన్ వయసుకు తగ్గట్టే అనుకోవచ్చు, చారెడు ఉంటే కాదు. మెరిసే ముక్కలుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు, బేరింగ్ నుంచి వచ్చి ఉండొచ్చు, అక్కడితో బేరం ముగించండి. అంటుకోకపోతే అల్యూమినియం, ఎంత ఉందో, ఎక్కడిదో తేలాలి. ఫిల్టర్ కొత్తది వేయిస్తామని, ఆయిల్ ఖర్చు మేమే పెట్టుకుంటామని చెబితే నిజాయితీగా అమ్మేవాళ్లకు అభ్యంతరం ఉండదు.

నాలుగోది, చిన్న కెమెరా దూర్చి సిలిండర్ గోడలు చూడటం. ముఖ్యంగా 3.4 లీటర్ల ఎస్ మోడల్స్‌లో, చలి దేశాల్లో తిరిగినవాటిలో, గోడలమీద గీతలు పడే జబ్బు ఉంది. జంట పొగగొట్టాల్లో ఒకదానికే మసి ఎక్కువగా ఉండటం, వేడెక్కిన తర్వాత టిక్కు టిక్కు మనడం, ఆయిల్ తాగడం దీని గుర్తులు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చూస్తే గోడ పైభాగమే కనబడుతుంది. గీతలు మొదలయ్యేది కింద, కాబట్టి అనుమానం ఉంటే అడుగునున్న ఆయిల్ పళ్లెం విప్పి చూడటమే మేలు.

టైర్ల పక్కన డాట్ అనే అక్షరాల వెంట వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం. తక్కువ తిరిగిన బండికి గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం రాయిలా మారి ఉంటుంది. ఆరేళ్లు దాటితే ఈ వేగాల బండికి పనికిరావు. బేరమాడేటప్పుడు నాలుగు టైర్ల ఖరీదు తీసేసి మాట్లాడండి. ముందూ వెనకా సైజులు వేరు. 18 అంగుళాల చక్రాలైతే ముందు 235/40, వెనక 265/40. టైర్లు ముందువి వెనక్కి మార్చుకునే వీలు ఉండదు.

ఐఎంఎస్ బేరింగ్ సంగతి

దీని గురించి ఎవరిని అడిగినా తలో మాట చెబుతారు. లెక్క మాత్రం ఇది. ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఐఎంఎస్) చివర బేరింగ్ పగిలితే టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్‌కు తగిలి ఇంజన్ మొత్తం పోతుంది. 2000 నుంచి 2005 మధ్య బళ్లలో ఉన్న ఒకే వరస గుండ్ల బేరింగ్‌ది ఎక్కువ ప్రమాదం. అమెరికాలో దాని మీద కోర్టు కేసు నడిచి రాజీతో ముగిసింది. 2006 నుంచి 2008 దాకా వచ్చినవాటికి పెద్ద బేరింగ్ వేశారు. ఇది చాలా అరుదుగా పోతుంది, కానీ ఇంజన్ రెండు ముక్కలుగా విప్పితే తప్ప బయటికి రాదు.

చిక్కు 2005 మోడల్‌తోనే. ఆ ఏడాది బళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. గేర్‌బాక్స్ దింపినప్పుడు షాఫ్ట్ మధ్య నట్టు కొలిస్తే తేలిపోతుంది. 13 మిల్లీమీటర్లయితే చిన్న బేరింగ్, మార్చుకోవచ్చు, మార్చేయండి. 22 అయితే పెద్దది.

పెద్దదానికి చేసే పని ఒకటుంది. బేరింగ్ మీద గ్రీజు నిలవడానికి వేసిన మూత ఏళ్లకొద్దీ గట్టిపడి, గ్రీజు కారిపోయి, ఆయిల్ మాత్రం లోపలికి రాకుండా అడ్డుపడుతుంది. క్లచ్ మార్చేటప్పుడు ఆ బయటి మూత జాగ్రత్తగా పీకేస్తే ఇంజన్‌లో చిమ్మే ఆయిలే బేరింగ్‌ను తడుపుతుంది. దీనికోసమే గేర్‌బాక్స్ దింపించక్కర్లేదు, క్లచ్ పని వచ్చినప్పుడు కలిపి చేయించండి. వెనక ఆయిల్ సీల్, ఫ్లైవీల్ పరీక్ష కూడా అప్పుడే. కూలి ఒకటే, పనులు మూడు నాలుగు.

తక్కువ తిరిగిన బండిలో ఈ బేరింగ్‌కు ప్రమాదం తక్కువ అనుకోవడం పొరపాటు. నెలలకొద్దీ కదలని బండిలో పాత ఆయిల్‌లోని చెమ్మ ఆ గుండ్లమీదే కూర్చుంటుంది. తరచూ నడుస్తూ, ఆయిల్ మారుతూ ఉన్న ఇంజన్లకే ఈ విషయంలో మంచి పేరు.

ఇంటికి తెచ్చిన మొదటి నెల

పాత యజమాని ఏం చెప్పినా, కాగితం లేని పని జరగనట్టే లెక్క. ద్రవాలన్నీ మార్చేయండి.

ఇంజన్ ఆయిల్: పోర్షే ఏ40 ఆమోదం ఉన్న 0డబ్ల్యూ-40, ఎనిమిది క్వార్టులకు కాస్త అటూ ఇటూ పడుతుంది. అరగంట నడిపి వేడెక్కాక దింపండి. కింది బోల్టుకు కొత్త అల్యూమినియం వాషర్ వేసి 50 న్యూటన్ మీటర్ల బిగింపు, ఫిల్టర్ గిన్నెకు 25. గిన్నె రబ్బరు రింగుకు ఆయిల్ రాసి ఎక్కించండి, పొడిగా బిగిస్తే మెలిపడి కారుతుంది. ఏడున్నర క్వార్టులు పోసి ఆగి, చదును నేలమీద మీటర్లో చూసుకుంటూ కొంచెం కొంచెం పోయండి. నిండుగా కంటే ఒక గీత తక్కువే మేలు. ఎక్కువైతే పాపం ఆ సెపరేటరే మింగాలి. తర్వాతి మార్పు వెయ్యి మైళ్లకే చేసి, ఫిల్టర్ మళ్లీ విప్పి చూడండి. అక్కడి నుంచి అయిదు వేల మైళ్లకో ఏడాదికో, ఏది ముందైతే అది.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మారాలి, అది గాలిలో తేమ పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం ఒక లీటరు సరిపోతుంది. కాలిపర్ ఒక్కోదానికి రెండు నిపుల్స్ (పాత ఆయిల్ వదిలే మొనలు), మొదట బయటిది, తర్వాత లోపలిది. చక్రాల వరస: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. క్లచ్ కూడా ఇదే డబ్బాలోంచి తాగుతుందని చాలామంది మర్చిపోతారు. దాని నిపుల్ దగ్గర కూడా పాతది తీసేయమనండి. క్లచ్ పెడల్ తిరిగి రావడానికి బద్ధకించే బళ్లలో సగానికి సగం ఇదే మందు.

గేర్‌బాక్స్ ఆయిల్ మార్చేటప్పుడు ముందు పోసే బోల్టు విప్పండి, తర్వాతే దింపే బోల్టు. కింద ఖాళీ చేశాక పైది పట్టేసి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. పోసే రంధ్రం అంచుకు వచ్చి పొర్లేదాకా పోస్తే చాలు.

కూలెంట్‌ను కంపెనీ జీవితకాలం అంటుంది. ఎవరి జీవితకాలమో చెప్పదు. ఇరవై ఏళ్ల కారుకు మార్చడమే మంచిది. ఇంజన్ మధ్యలో, రేడియేటర్లు ముందు, పైపులు కారు పొడవునా ఉంటాయి కాబట్టి దాదాపు 20 లీటర్లు పడుతుంది, గాలి బుడగలు ఎక్కడపడితే అక్కడ చిక్కుకుంటాయి. మామూలుగా పోసి ఊరుకోకుండా వాక్యూమ్ పెట్టి నింపే షాపులోనే చేయించండి. కూలెంట్ పోర్షేదే, నీళ్లు డిస్టిల్డ్ వాటర్, సగం సగం. ఆ పనితోనే వాటర్ పంపు, థర్మోస్టాట్ మార్చేస్తే మళ్లీ ఈ తతంగం ఉండదు. పంపు అడుగున గులాబీ రంగు పొడి మరకలు కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు. వెనక డిక్కీలో కూలెంట్ డబ్బా మూత మీది నంబర్ కూడా చూడండి. చివర 04 ఉంటే కొత్త రకం. 01, 02 లాంటివైతే ఆవిరి వదిలేస్తాయి, ఇరవై ముప్పై డాలర్ల మూతే కదా, మార్చేయండి. డిక్కీ కార్పెట్ ఎత్తి తడిగా ఉందేమో, తియ్యటి వాసన వస్తుందేమో చూస్తే డబ్బా పగిలిందో లేదో తెలుస్తుంది.

ముందు బంపర్ విప్పించి రేడియేటర్ల ముందు పేరుకున్న ఆకులు తీయించండి. ఇది ఎవరూ చేయని పని, అందుకే చెప్పడం. ఆ ఎండుటాకులు తడిసి, ఏసీ కండెన్సర్ సందుల్లో కుళ్లి, అల్యూమినియాన్ని తినేస్తాయి. గాలి ఊది, చేత్తో తీసి, కొత్త జాలీ పెట్టుకుంటే వేల డాలర్లు మిగులుతాయి.

స్పార్క్ ప్లగ్‌లు ఆరు, నాలుగేళ్లు దాటితే మైళ్లతో సంబంధం లేకుండా మార్చాలి. ఇంజన్ చల్లారాకే చేయాలి, బిగింపు 30 న్యూటన్ మీటర్లు. ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే పాత కాయిల్స్ ప్లాస్టిక్ మీద సన్నటి పగుళ్లు వస్తాయి, వానలో మిస్‌ఫైర్ అయ్యేది అందుకే. ఒకటి పగిలితే ఆరూ మార్చండి. ప్లగ్ గొట్టంలో ఆయిల్ ఉంటే గొట్టం రబ్బరు రింగులు పోయినట్టు, చవకైన భాగమే. బెల్టు అడుగున పక్కనుంచి టార్చి వేసి చూడండి, అడ్డంగా చీలికలుంటే మార్చండి. ఆరేళ్లు దాటితే చీలికలు లేకపోయినా మార్చండి.

బాక్‌స్టర్ అయితే ఇంకో పని. టాపు సగం తెరిచి, మడత పడే చోట రెండు మూలల్లోని నీటి రంధ్రాల్లో ఒక్కో చెంబు నీళ్లు పోయండి. వెనక చక్రం ముందర కారిపోవాలి. నిలిచిపోతే ఆకులు అడ్డుపడ్డాయి. మెత్తటి ప్లాస్టిక్ తీగతో నెమ్మదిగా తోడండి, గట్టి ఇనుప తీగ పెడితే లోపలి గొట్టం ఊడిపోతుంది. ఈ నీళ్లు లోపలికి దిగితే సీటు కింది కంట్రోల్ యూనిట్ తడిసి బండి స్టార్టే కాదు. ఇరవై డాలర్ల తీగ బద్ధకానికి వెయ్యి డాలర్ల పెట్టె.

బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. డిక్కీ తాళం కరెంటు మీదే తెరుచుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోతే అది తెరుచుకోదు, తెరుచుకోకపోతే బ్యాటరీకి చార్జింగ్ పెట్టలేం. డ్రైవర్ కాళ్ల దగ్గరున్న ఫ్యూజ్ పెట్టెలో బయటికి లాగే ఎర్రటి పిన్ ఉంటుంది. దానికి బయటి బ్యాటరీ ప్లస్, తలుపు గొళ్లేనికి మైనస్ తగిలించి తాళం చెవి మీట నొక్కితే తెరుచుకుంటుంది. అర్ధరాత్రి వెతుక్కోకుండా పగలే ఒకసారి చూసి పెట్టుకోండి. రెండు వారాలకు మించి నిలబెడితే చార్జర్ తగిలించి ఉంచండి.

ఏం ఖర్చు పెట్టుకోవాలి

టైర్లు, ద్రవాలు, ప్లగ్‌లు, కాయిల్స్, వాటర్ పంపు, సెపరేటర్ అన్నీ ఒకేసారి చేయిస్తే బయటి షాపులో నాలుగైదు వేల డాలర్లు అవుతుంది. సగం పనులు ఇంట్లో చేసుకుంటే రెండు వేల దగ్గర తెగుతుంది. ఆ డబ్బు కొనే ధరలోనే పక్కన పెట్టుకోండి. తక్కువ మైళ్ల బండికి అయిదారు వేలు ఎక్కువిచ్చి, మళ్లీ ఈ ఖర్చు నెత్తిన పడితే లాభమేముంది? మొదటి ఏడాదిలో ఇంకొకటి బయటపడుతుంది: స్పీడ్ బ్రేకర్ మీద ముందు నుంచి టక్కుమనే శబ్దం. చక్రాన్ని పట్టి ఉంచే కింది కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు ఎండిపోయి చీలినట్టు. బండి నడవడం మొదలయ్యాకే ఇది తెలుస్తుంది కాబట్టి అమ్మినవాళ్లను తిట్టుకోనక్కర్లేదు. రెండు వైపులా కలిపి మార్పించి, వెంటనే అలైన్‌మెంట్ చేయించాలి.

హైదరాబాద్‌లో ఇదే బండి చూస్తుంటే లెక్క కొంచెం మారుతుంది. 2010కి ముందు బండైతే పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది. ఫిట్‌నెస్ అయి అయిదేళ్లకు రెన్యువల్ అయిందో లేదో ముందు చూసుకోండి. ఢిల్లీ, ముంబై బండైతే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క తేలకుండా డబ్బు ఇవ్వొద్దు. చలికి వచ్చే సిలిండర్ గీతల భయం మన ఎండల్లో తక్కువే, ఆ ఎండకే బ్యాటరీ, హోస్‌లు, డాష్‌బోర్డు త్వరగా పోతాయి. పెట్రోల్ ఇంకో సమస్య. 20 శాతం ఇథనాల్ పెట్రోలు కోసం తయారైన బండి కాదిది. నెలలకొద్దీ ట్యాంకులో నిల్వ ఉంటే అది చెమ్మ పీలుస్తుంది, పాత రబ్బరు హోస్‌లను మెత్తబరుస్తుంది. ఎక్కువ ఆక్టేన్ ఉన్నదే పోయించండి, నిలబెట్టే ముందు ట్యాంకు నింపి ఉంచండి, సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ ఫ్యూయల్ హోస్‌లు చేత్తో నొక్కి చూడమనండి.

ఈ పనులయ్యాక బండిని నడపండి. వారానికి ఒకసారి, కనీసం ముప్పై నలభై నిమిషాలు, ఆయిల్ పూర్తిగా కాగేదాకా. ఆయిల్ వేడెక్కేవరకు మూడు వేల ఆర్‌పీఎం దాటనివ్వకండి, వేడెక్కాక ఒకటి రెండుసార్లు పైదాకా పోనివ్వండి. గ్యారేజీలో పెట్టి అయిదు నిమిషాలు ఐడిల్‌లో తిప్పి ఆపేయడం మాత్రం చేయకండి. దానికన్నా అసలు స్టార్ట్ చేయకుండా వదిలేయడమే నయం.